ఆరోగ్య వ్యాసం కింద ఉన్న డాక్టరు పేరును ఎలా పరిశీలించాలి

షుగరు, బీపీ, థైరాయిడ్ వంటి వాటి గురించి ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే వ్యాసాల్లో చాలావాటికి పైనో కిందో రెండు పేర్లు ఉంటాయి. ఒకటి రాసినవారిది, రెండోది వైద్యపరంగా సరిచూసినవారిది. రెండో పేరు పక్కన ఎండీ అనో, ఎంబీబీఎస్ అనో, అంతకంటే పొడవైన అక్షరాల వరుసో కనిపించగానే చాలామంది నిశ్చింతగా చదవడం మొదలుపెడతారు. ఆ పేరు అక్కడ ఉండడం మంచిదే. ఎవరు రాశారో తెలియని వ్యాసం కంటే పేరున్న వ్యాసం ఎప్పుడూ మేలు. అయితే ఆ పేరు మనకు దేనికి హామీ ఇస్తోందో, దేనికి ఇవ్వడం లేదో తెలియాలంటే నాలుగు విషయాలను విడివిడిగా చూడాలి. ఆ వ్యక్తి నిజంగా నమోదైన వైద్యుడేనా, ఆయన చదివిన విభాగం ఈ వ్యాసానికి సంబంధించినదేనా, ఈ వ్యాసానికి ఆయన చేసిన పని ఏమిటి, ఆ ప్రచురణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? పేరు పక్కనున్న డిగ్రీ వీటిలో మొదటి ప్రశ్నకు మాత్రమే, అదీ సగమే, జవాబు చెబుతుంది. మిగిలిన మూడింటికి జవాబు వెతకడం కష్టమేమీ కాదు గాని, ఎక్కడ చూడాలో తెలిసి ఉండాలి. ఇంట్లో పెద్దవారి మందుల గురించో పసిబిడ్డ జ్వరం గురించో చదివేటప్పుడు ఈ శ్రమ తప్పక తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

రిజిస్టరులో పేరు చూడడం

మన దేశంలో ఆధునిక వైద్యం చేసే ప్రతి వైద్యుడూ ఏదో ఒక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ విజయవాడలోనూ, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ హైదరాబాదులోనూ ఉన్నాయి. దేశం మొత్తానికి సంబంధించిన ఇండియన్ మెడికల్ రిజిస్టరును నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు; పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో 2020 సెప్టెంబరు 25 నుంచి పనిచేస్తున్న సంస్థ ఇది. ఉత్త పేరుతో వెతికితే ఒకే పేరున్నవారు చాలామంది వస్తారు కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు, రాష్ట్ర కౌన్సిల్, నమోదైన సంవత్సరం కలిపి సరిచూసుకోవాలి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, మందుల చీటీ మీద, సర్టిఫికెట్ల మీద, డబ్బు తీసుకుని ఇచ్చే రసీదుల మీద వేయాలి. వ్యాసాల కింద వేయాలని ఆ నిబంధన చెప్పలేదు. అయినా రచయిత పరిచయంలో ఆ నంబరు ఇచ్చే ప్రచురణ పాఠకుణ్ణి సరిచూసుకోమని స్వయంగా ఆహ్వానిస్తున్నట్టే.

ఇక్కడ రెండు తికమకలు ఎదురవుతాయి. హైదరాబాదులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు పేరు ఎదుట ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ అని కనిపిస్తే అనుమానపడనక్కర్లేదు. 2014లో రాష్ట్ర విభజనకు ముందు నమోదైనవారందరి రికార్డూ ఆ పేరుతోనే మొదలయింది. అలాగే 2024 ఆగస్టులో నేషనల్ మెడికల్ రిజిస్టర్ పేరుతో కొత్త పోర్టల్ ప్రారంభమైంది. అందులో వైద్యులు మళ్ళీ వివరాలు నమోదు చేసుకోవలసి ఉంటుంది కాబట్టి, అక్కడ పేరు లేనంత మాత్రాన నకిలీ డాక్టరని తేల్చకుండా పాత రిజిస్టరును కూడా చూడాలి. ఆయుర్వేదం, హోమియోపతి, దంత వైద్యం, ఫార్మసీ రంగాలకు వేరువేరు రిజిస్టర్లున్నాయి. తెలుగు ఊళ్ళలో ఆర్ఎంపీ అని పిలిచేవారు చాలావరకు ఏ రిజిస్టరులోనూ ఉండరు. చట్టం ప్రకారం ఆ మూడు అక్షరాలు (రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్) నమోదైన వైద్యులకే చెందినా వాడుక వేరుగా స్థిరపడింది. అందువల్ల వీడియోలో ఎవరైనా తమను ఆర్ఎంపీగా పరిచయం చేసుకుంటే నంబరు చూసేవరకు ఏ అభిప్రాయానికీ రాకండి.

విదేశీ ప్రచురణల్లోని వైద్యుల విషయంలో పని ఇంకొంచెం సులభం. బ్రిటన్‌లో 1858 నుంచి ఉన్న జనరల్ మెడికల్ కౌన్సిల్ తన రిజిస్టరును అందరికీ తెరిచి ఉంచింది. ఆ వైద్యుడికి ఇప్పుడు ప్రాక్టీసు చేసే లైసెన్సు ఉందా లేదా, స్పెషలిస్టుల జాబితాలో ఉన్నారా, జనరల్ ప్రాక్టీషనర్ల జాబితాలో ఉన్నారా అన్నది అందులో తెలుస్తుంది. అమెరికాలో లైసెన్సులు రాష్ట్రాల వారీగా ఇస్తారు కాబట్టి ఆయా రాష్ట్రాల మెడికల్ బోర్డుల వెబ్‌సైట్లు చూడాలి. ఆ బోర్డుల సమాఖ్య నడిపే డాక్‌ఇన్ఫో అనే సైటులో ఏయే రాష్ట్రాల్లో లైసెన్సు ఉందో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో ఒకే చోట కనిపిస్తాయి.

పేరు పక్కన అక్షరాలు

ఎండీ అనే రెండు అక్షరాలు అన్ని దేశాల్లోనూ ఒకే చదువును సూచించవు. మన దేశంలో ఎంబీబీఎస్ తొలి వైద్య డిగ్రీ. దాని తర్వాత ఒక విభాగంలో మూడేళ్ళు చదివితే ఎండీ గాని ఎంఎస్ గాని వస్తుంది, ఆపైన డీఎం, ఎంసీహెచ్ ఉంటాయి. అమెరికాలో మామూలు డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్లో నాలుగేళ్ళు చదివి తెచ్చుకునే తొలి వైద్య డిగ్రీయే ఎండీ. అంటే అమెరికన్ వ్యాసం కింద ఉన్న ఎండీ ఆ వ్యక్తి వైద్యుడని మాత్రమే చెబుతుంది గాని, గుండె నిపుణుడో చర్మ నిపుణుడో చెప్పదు. దాన్ని చెప్పేది బోర్డు సర్టిఫికేషన్. అమెరికన్ బోర్డ్ ఆఫ్ మెడికల్ స్పెషాలిటీస్ కింద 24 బోర్డులున్నాయి, ఏ బోర్డు పరీక్షలో నెగ్గారో పరిచయంలో రాసి ఉండాలి. డీఓ (ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) అని ఉన్నవారు కూడా అక్కడ పూర్తి లైసెన్సున్న వైద్యులే. బ్రిటన్‌లో ఎండీ అంటే పరిశోధన చేసి సంపాదించే డిగ్రీ; అక్కడి స్పెషలిస్టు శిక్షణ ఎంఆర్‌సీపీ, ఎఫ్‌ఆర్‌సీఎస్ వంటి అక్షరాల్లో కనిపిస్తుంది. మన విద్యార్థులు ఎందరో వెళ్ళి చదువుతున్న ఫిలిప్పీన్స్‌లోనూ ఎండీ తొలి డిగ్రీయే. అది మన ఎంబీబీఎస్‌కు సమానం గాని, ఇక్కడి ఎండీకి కాదు.

మన దేశంలోనే ఆయుర్వేదంలోనూ హోమియోపతిలోనూ ఎండీ డిగ్రీలున్నాయి. బ్రాకెట్లో విభాగం పేరు వేయకుండా ఎండీ అని మాత్రమే రాస్తే పాఠకుడికి ఏమీ తెలియదు. ఏ వైద్య విధానాన్నీ తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఇన్సులిన్ మోతాదు గురించి రాసిన వ్యాసాన్ని ఇన్సులిన్ రాసి, దాని వల్ల షుగరు పడిపోయిన రోగులను చూసిన వైద్యుడే సరిచూడాలన్నది నా పట్టుదల. పీహెచ్‌డీ ఉన్నవారు, ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ) చేసినవారు కూడా పేరు ముందు డాక్టరు అని పెట్టుకుంటారు. మందుల మధ్య పొసగని చర్యల గురించిన వ్యాసాన్ని ఫార్మ్‌డీ చేసినవారు సరిచూస్తే అది చాలా సరైన ఎంపిక. ఆహారం గురించిన వ్యాసానికి సర్జను కంటే రిజిస్టర్డ్ డైటీషియన్ తగినవారు. న్యూట్రిషనిస్ట్ అనే పేరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి చదివినవారూ, కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ ఆ ఒక్క పేరునే వాడుతున్నారు.

ఎఫ్‌ఏసీపీ, ఎఫ్‌ఆర్‌సీపీ వంటివి వృత్తి సంఘాలు ఇచ్చే ఫెలోషిప్పులు. అవి గౌరవప్రదమైనవే గాని, చదువుకు బదులు కావు. అక్షరాల వరుస పొడవుగా ఉన్నప్పుడు ముందుగా మూల డిగ్రీని వెతికి, ఆపైన స్పెషాలిటీ డిగ్రీని గుర్తించి, మిగిలినవాటిని వదిలేయడం నా పద్ధతి.

విభాగం కుదిరిందా

అమెరికాలో 1996లో మొదలై, తర్వాత వెబ్‌ఎండీ అనే ఆరోగ్య వెబ్‌సైటు గొడుగు కిందికి వచ్చిన మెడిసిన్‌నెట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సామాన్య పాఠకుల కోసం వైద్యులే రాసి, వైద్యులే ఎడిట్ చేసే ప్రచురణగా అది పేరు తెచ్చుకుంది. చాలా ఏళ్ళపాటు అందులోని వ్యాసాల కింద తరచుగా కనిపించిన పేర్లలో విలియం షీల్ కీళ్ళవాతం వంటి జబ్బుల నిపుణుడు, జే మార్క్స్ జీర్ణకోశ నిపుణుడు, మెలిస్సా కాన్రాడ్ స్టాప్లర్ పాథాలజిస్టు (రక్తం, కణజాల నమూనాలు పరీక్షించే వైద్యురాలు). కీళ్ళవాతం మీద వ్యాసం కింద షీల్ పేరు ఉంటే అంతకంటే సరైన జత ఉండదు. అదే పేరు చర్మం మీద మచ్చల గురించిన వ్యాసం కింద కనిపిస్తే, అప్పుడాయన మామూలు ఫిజీషియన్‌గా, ఎడిటర్‌గా ఆ వ్యాసాన్ని చూశారని అర్థం చేసుకోవాలి. అది తప్పు కాదు. ప్రధాన సంపాదకుడైన వైద్యుడు ప్రతి విభాగంలోనూ నిపుణుడు కాలేడు. ఆయన పని వ్యాసాల ప్రమాణాన్ని, భాషను, ఆధారాల వాడకాన్ని ఒక స్థాయిలో ఉంచడం. విభాగం కుదరవలసింది వ్యాసాన్ని సమీక్షించినవారితో. పాథాలజిస్టు ఎడిటర్ కావడం విడ్డూరంగా తోచవచ్చు గాని, రక్తపరీక్షలు, బయాప్సీ రిపోర్టులు పాఠకులకు వివరించేటప్పుడు ఆ నేపథ్యం ఎంత విలువైనదో అలాంటి వ్యాసాలు చదివితే తెలుస్తుంది.

విభాగం దాటి మాట్లాడినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి మెహ్మెత్ ఓజ్ కంటే బాగా తెలిసిన ఉదాహరణ లేదు. ఆయన గుండె శస్త్రచికిత్సలో పేరున్న సర్జను. టెలివిజన్‌లో ఆయన బరువు తగ్గించే గింజల నుంచి విటమిన్ల దాకా అన్నింటి గురించీ చెప్పారు. ఆయన కార్యక్రమం ఎపిసోడ్లను 40 తీసుకుని అందులోని సలహాలను కెనడా పరిశోధకులు పరిశీలించి 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. 46 శాతం సలహాలకే ఏదో ఒక ఆధారం ఉందని, 15 శాతం సలహాలకు ఆధారాలు ఎదురు తిరుగుతున్నాయని, మిగిలిన 39 శాతానికి ఆధారమే దొరకలేదని తేలింది. అదే ఏడాది జూన్‌లో బరువు తగ్గించే ఉత్పత్తుల ప్రకటనలపై అమెరికా సెనేట్ ఉపసంఘం ఆయనను ప్రశ్నించింది. ఆయన డిగ్రీలో గాని, శస్త్రచికిత్స నైపుణ్యంలో గాని ఎవరూ లోపం ఎంచలేదు.

సొంత విభాగంలోనే ఉండి కూడా తప్పు సలహా ఇవ్వవచ్చు. బెంజమిన్ స్పాక్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు 1946లో తల్లుల కోసం రాసిన పుస్తకం కోట్లాది ప్రతులు అమ్ముడైంది. అందులో 1950ల చివరి నుంచి శిశువులను బోర్లా పడుకోబెట్టమని సలహా ఉంది. అలా పడుకోబెట్టడానికీ, నిద్రలోనే శిశువులు హఠాత్తుగా చనిపోవడానికీ సంబంధం ఉందని 1970 నాటికే ఆధారాలు పోగుపడ్డాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. వెల్లకిలా పడుకోబెట్టండంటూ అమెరికాలో దేశవ్యాప్త ప్రచారం 1994లో గాని మొదలు కాలేదు. ఆ తర్వాత అటువంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి. చదువు, విభాగం, మంచి ఉద్దేశం అన్నీ ఉన్న వైద్యుడి మాటకు కూడా ఆధారం ఏమిటో, ఎప్పటిదో అడగవలసిన అవసరం ఇందువల్లే ఉంది.

సమీక్ష ఎప్పుడు జరిగింది

తేదీని చాలామంది చూడరు. వైద్యుడి పేరు ఎంత ముఖ్యమో ఆయన ఆ వ్యాసాన్ని చదివిన తేదీ కూడా అంతే ముఖ్యం. గుండెపోటు ఎన్నడూ రానివారు ముందుజాగ్రత్తగా రోజూ తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టవచ్చా అన్న ప్రశ్నకు, 50 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మొదలుపెట్టవచ్చని అమెరికాలోని నివారణ సేవల కార్యదళం 2016లో చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అదే సంస్థ, 60 ఏళ్ళు దాటినవారు కొత్తగా మొదలుపెట్టవద్దని, 40 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండి ముప్పు ఎక్కువగా ఉన్నవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని మార్చింది. 2018లో ఒక గొప్ప గుండె నిపుణుడు సరిచూసిన వ్యాసం ఆనాడు సరైనదే. ఈనాడు దాన్ని చదివి 65 ఏళ్ళ తండ్రికి ఆస్పిరిన్ మొదలుపెట్టిస్తే కడుపులో రక్తస్రావం ముప్పును కొనితెచ్చినట్టే. (ఇప్పటికే డాక్టరు రాసిన ఆస్పిరిన్ వాడుతున్నవారు దీన్ని చదివి సొంతంగా మానకూడదు, గుండెపోటు వచ్చినవారికీ స్టెంటు వేసినవారికీ లెక్క పూర్తిగా వేరు.)

పేజీలో రెండు తేదీలు ఉంటే రెండింటినీ పోల్చండి. సమీక్షించిన తేదీ కంటే సవరించిన తేదీ తర్వాతిదైతే, ఆ మధ్యలో చేరిన వాక్యాలను ఆ వైద్యుడు చూశారన్న భరోసా లేదు. ఈ విషయంలో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పేజీలు మెచ్చదగినవి. చివరిగా సమీక్షించిన తేదీతోపాటు మళ్ళీ ఎప్పుడు సమీక్షించాలో కూడా చూపిస్తాయి, సాధారణంగా మూడేళ్ళ గడువుతో. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 1998 నుంచి నడుపుతున్న మెడ్‌లైన్‌ప్లస్‌లోని వైద్య విజ్ఞాన వ్యాసాల అడుగున సమీక్షించిన తేదీ, వైద్యుడి పేరు, విభాగం, ఆయన పనిచేసే విశ్వవిద్యాలయమో ఆసుపత్రో ఒకే చోట ఉంటాయి. కొత్తగా ఈ పరిశీలన నేర్చుకునేవారు అలాంటి ఒక పేజీ తెరిచి, ఆ చివరి పంక్తిని రిజిస్టరుతో పోల్చి చూడడంతో మొదలుపెట్టవచ్చు. మేయో క్లినిక్ వంటి సంస్థలు చాలా వ్యాసాలకు వ్యక్తి పేరు బదులు సిబ్బంది అని మాత్రమే వేస్తాయి. అక్కడ మనం నమ్మేది సంస్థను గాని వ్యక్తిని కాదు.

ఎడిటర్ ఎవరు

డాక్టరు పేరు వెతికినంత శ్రద్ధగా ఎడిటర్ పేరును ఎవరూ వెతకరు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. వ్యాసంలోని అంకెను మూల పరిశోధనతో పోల్చి చూసేది, శీర్షిక వ్యాసాన్ని మించి మాట్లాడకుండా ఆపేది, దుష్ఫలితాల పేరా ఎక్కడో అడుగున పడకుండా పైకి తెచ్చేది, తప్పు జరిగితే దిద్దుబాటు ప్రచురించేది ఎడిటరే. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు మందు వల్ల ఒక్కరికి తగ్గితే, దాన్ని ముప్పు సగానికి తగ్గిందని రాయవచ్చు. వెయ్యి మంది వాడితే ఒక్కరికి మేలు జరిగిందని కూడా రాయవచ్చు. రెండూ నిజమే. మొదటిది చదివినవారు మందుల షాపుకు పరుగెత్తుతారు, రెండోది చదివినవారు ఆగి ఆలోచిస్తారు. రెండో వాక్యం లేకుండా మొదటిదాన్ని అచ్చువేయనివ్వని ఎడిటర్ ఉన్న ప్రచురణ మంచి ప్రచురణ.

ఈ పనికి ప్రత్యేక శిక్షణ ఉంది. అమెరికన్ మెడికల్ రైటర్స్ అసోసియేషన్ 1940లో, యూరప్‌లో అటువంటి సంఘం 1992లో ఏర్పడ్డాయి. బోర్డ్ ఆఫ్ ఎడిటర్స్ ఇన్ ది లైఫ్ సైన్సెస్ అనే సంస్థ 1991 నుంచి పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఈఎల్‌ఎస్ అనే గుర్తింపు ఇస్తోంది. ఎడిటర్ పరిచయంలో ఇటువంటివి గాని, ఆరోగ్య విలేకరిగా చాలా ఏళ్ళు పనిచేసిన అనుభవం గాని ఉందేమో చూడండి. వైద్య డిగ్రీ లేదని ఎడిటర్‌ను తక్కువగా చూడకండి. గ్యారీ ష్విట్జర్ అనే జర్నలిస్టు 2006లో ప్రారంభించిన హెల్త్‌న్యూస్‌రివ్యూ, వైద్య వార్తలను పది ప్రమాణాలతో కొలిచేది: చికిత్స ఖర్చు చెప్పారా, మేలును అంకెల్లో చెప్పారా, హానిని చెప్పారా, వేరే మార్గాలతో పోల్చారా, డబ్బు ప్రయోజనం లేని మరో నిపుణుణ్ణి అడిగారా వంటివి. ఆ ప్రశ్నలు ఈరోజుకీ ఏ తెలుగు వ్యాసాన్నయినా కొలవడానికి పనికొస్తాయి.

లైసెన్సున్న వైద్యుడి తప్పును బయటపెట్టింది కూడా ఒక జర్నలిస్టే. 1998 ఫిబ్రవరిలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు, మరికొందరితో కలిసి 12 మంది పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన పత్రం, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న భయాన్ని ప్రపంచమంతా నాటింది. టీకా కంపెనీలపై దావా వేయబోయే న్యాయవాదుల నుంచి ఆయనకు డబ్బు అందిన సంగతిని సండే టైమ్స్ పత్రికలో బయటపెట్టినవారు బ్రయన్ డీర్. ఆ పత్రాన్ని లాన్సెట్ 2010 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది మే నెలలో జనరల్ మెడికల్ కౌన్సిల్ వేక్‌ఫీల్డ్ పేరును రిజిస్టరు నుంచి తొలగించింది. 1998లో ఎవరైనా రిజిస్టరులో ఆయన పేరు వెతికి ఉంటే అది సవ్యంగానే కనిపించేది. అందుకే చివరి ప్రశ్న, డబ్బు ప్రశ్న, తప్పించుకోలేనిది.

డబ్బు ఎక్కడి నుంచి

ఇంగ్లీషు ఆరోగ్య ప్రచురణల్లో చాలావాటి యజమానులు ప్రకటనల ఆదాయంతో నడిచే కంపెనీలు. వెబ్‌ఎండీ 2017 నుంచి ఇంటర్నెట్ బ్రాండ్స్ అనే కంపెనీ చేతిలో ఉంది. ఎవ్రీడే హెల్త్ అనే మరో ఆరోగ్య ప్రచురణను 2016లో జిఫ్ డేవిస్ కంపెనీ కొన్నది. యజమాని కంపెనీ కావడం దోషం కాదు గాని, ప్రకటనకూ వ్యాసానికీ మధ్య గీత స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. స్పాన్సర్ చేసినది అనే మాట చిన్న అక్షరాల్లో శీర్షిక పైనో, పేజీ అంచునో ఉంటుంది. రచయిత పరిచయంలో ఏ మందుల కంపెనీ నుంచి గౌరవ వేతనం అందిందో చెప్పే పంక్తి ఉంటే, అది వారి నిజాయితీకి గుర్తుగా తీసుకోండి. 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ సంపాదకులు ఇంటర్నెట్ వైద్య సమాచారానికి సూచించిన నాలుగు కనీస ప్రమాణాల్లో ఈ వెల్లడి ఒకటి. రచయిత వివరం, ఆధారాలు, తేదీ మిగిలిన మూడు. సైటు అడుగున హెచ్‌ఓఎన్ అనే ముద్ర కనిపిస్తే మాత్రం దాని మీద ఆధారపడకండి. జెనీవాకు చెందిన హెల్త్ ఆన్ ది నెట్ ఫౌండేషన్ ఆ ముద్ర ఇచ్చేది. 2022 చివరలో ఆ సంస్థ మూతపడింది.

తెలుగులో ఈ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. మద్రాసులో ఆయుర్వేద వైద్యుడిగా స్థిరపడి, స్త్రీల కోసం లోధ్ర అనే మందు తయారుచేసి అమ్మిన కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి అనే మహిళా మాసపత్రికను ప్రారంభించారు. తెలుగు స్త్రీల రచనలకు ఆ పత్రిక చేసిన సేవ చాలా గొప్పది. దాని వెనుక మందు కంపెనీ ఉందన్న సంగతీ ఎవరూ దాచలేదు. నేటి పాఠకుడు కోరవలసింది కూడా ఆ బహిరంగతనే. వార్తాపత్రిక ఆరోగ్య పేజీలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి డాక్టరు మోకీలు మార్పిడి గురించి రాసి, కింద ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు వేసినప్పుడు, ఆ వ్యాసంలోని వైద్యం సరైనదే అయినా, ఆపరేషన్ లేకుండా ఫిజియోథెరపీతో, బరువు తగ్గడంతో నడిచే దారికి ఎన్ని వాక్యాలు ఇచ్చారో లెక్కపెట్టండి. పైన చెప్పిన 2002 నిబంధనలే ఇక్కడ కూడా ఒక గీత గీశాయి: సొంత ప్రచారానికో రోగులను రప్పించుకోవడానికో పనికొచ్చే వ్యాసాలు, ఇంటర్వ్యూలు వైద్యులు ఇవ్వకూడదు, ప్రజారోగ్యం, ఆరోగ్యకరమైన జీవనం గురించి తమ పేరుతో రాయవచ్చు, మాట్లాడవచ్చు. విజయవాడ డాక్టరు గోపరాజు సమరం దశాబ్దాలుగా పత్రికల్లో, పుస్తకాల్లో సామాన్యులు నోరు విప్పి అడగలేని ప్రశ్నలకు జవాబులు రాస్తూ వచ్చిన సంప్రదాయం ఆ రెండో కోవలోనిది, అది మన భాషకు దక్కిన మేలు.

వీడియోలు చేసేవారికి 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరోగ్య సమాచారం చెప్పే వైద్యులు తమ అర్హతను వెల్లడించాలి. నిపుణులుగా కనిపించే ఇతరులు తమ మాటలు వైద్య సలహాకు బదులు కావని స్పష్టంగా చెప్పాలి. మరొక తేలిక పరీక్ష కూడా ఉంది. షుగరును, క్యాన్సర్‌ను నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. వ్యాసం పక్కనే అలాంటి ప్రకటన కనిపిస్తే, ఆ ప్రచురణలో ఎడిటర్ పర్యవేక్షణ ఎంతవరకు ఉందో అర్థమైపోతుంది.

తెలుగు అనువాదమైతే

ఇంగ్లీషు వ్యాసాన్ని సమీక్షించిన డాక్టరు పేరునే తెలుగు అనువాదం కింద కూడా వేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ డాక్టరుకు తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. కాబట్టి తెలుగు పాఠాన్ని సరిచూసినవారి పేరు విడిగా ఉందో లేదో చూడండి. లేకపోతే అంకెలను, మందుల పేర్లను మీరే మూలంతో పోల్చుకోవాలి. బ్రిటన్ పేజీల్లో పరగడుపు షుగరు 7 దాటితే మధుమేహమని ఉంటుంది. మన ల్యాబ్ రిపోర్టు లెక్కలో అది 126, ఎందుకంటే వారి కొలతను 18తో గుణిస్తే మన కొలత వస్తుంది. అమెరికన్ వ్యాసంలోని అసిటమినోఫెన్ మన పారాసిటమాలే. ఆ సంగతి తెలియక రెండూ వేరు మందులనుకుని కలిపి వేసుకుంటే కాలేయానికి ప్రమాదం. షుగరు పెరగడానికీ పడిపోవడానికీ ఇంగ్లీషులో వాడే మాటలు (హైపర్‌గ్లైసీమియా, హైపోగ్లైసీమియా) ఒకటి రెండు అక్షరాల తేడాతో ఉంటాయి, అనువాదంలో అవి తారుమారైతే సలహా మొత్తం తలకిందులవుతుంది.

సమీక్షకుడి దేశం కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 2017 నవంబరు నుంచి 130/80 చేరితే అధిక రక్తపోటు అంటున్నారు. బ్రిటన్‌లో క్లినిక్‌లో కొలిచినప్పుడు 140/90 హద్దు. బరువు సూచీ (బీఎంఐ) 25 దాటితే అధిక బరువు అని పాశ్చాత్య వ్యాసాలు చెబితే, మన శరీర తత్వానికి 23 దాటినప్పుడే జాగ్రత్త పడాలని, 25కే ఊబకాయంగా భావించాలని 2009లో భారతీయ నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కూడా ఈ చిన్న అంకెనే తమకు వర్తించేదిగా తీసుకోవడం మేలు.

ఇంత చూసినా వ్యాసంలో సమీక్షకుడి వివరం దొరకకపోతే ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. వ్యాసం శీర్షిక, లింకు, మీకు అనుమానం వచ్చిన వాక్యం యథాతథంగా ఇచ్చి, దీన్ని సరిచూసిన వైద్యుడెవరు, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి, తెలుగు పాఠాన్ని ఎవరు చూశారు, ఈ అంకెకు ఆధారం ఏది అని మర్యాదగా అడగండి. జవాబు వచ్చేవరకు ఆ వ్యాసాన్ని కుటుంబ గ్రూపుల్లో పంచకుండా ఆపి ఉంచండి. తప్పు ఉందని తేలి వారు సరిదిద్దితే, సరిదిద్దిన తేదీ పేజీ మీద పడిందో లేదో ఒకసారి మళ్ళీ తెరిచి చూడండి.